గుంతకు అవతల ఆటో

వాననీటి కాలువ కోసం కొండాపూర్‌లోని ఆ సందంతా తవ్వి, అపార్ట్‌మెంటు గేటు ముందు గుంత మీద ఒక్క చెక్క పలక వేశారు. పెళ్లయి నెల తిరగని భార్గవికి రోజూ యశ్వంత్ చెయ్యి పట్టుకుని దాన్ని దాటడం సరదాగానే ఉండేది. మంగళవారం పొద్దున మాత్రం ఇంటి ఓనరు లింగమూర్తి పలక ముందు ఆగిపోయాడు. ఆయనకు వారానికి మూడుసార్లు డయాలసిస్. ఆటో అవతల ఉంది.

"కాళ్లు వణుకుతున్నయ్ బిడ్డా. నాతోని కాదు."

నలుగురు కూలీలు గుంతలోకి దిగి, ఆయనను ప్లాస్టిక్ కుర్చీతో సహా చేతుల మీదుగా అవతలికి చేర్చారు.

"పెళ్లినాడు గూడ నన్ను గిట్ల ఎత్తలే," అని ఆయన నవ్వితే భార్గవీ నవ్వింది. ఆటో వెళ్లాక సూపర్‌వైజర్‌ని అడిగింది.

"గురువారం కూడా కాస్త సాయం పడతారా అన్నా?"

"రేపటి సంది మాకు మియాపూర్ల పనమ్మా. పైపులు వచ్చేదాక ఇది గిట్లనే ఉంటది."

యశ్వంత్ సెలవు పెడతానన్నాడు. ఇంకా ముగ్గురు కావాలి. భార్గవి కింది నుంచి ఒక్కో తలుపూ తట్టుకుంటూ వెళ్లింది. మూడో అంతస్తు దాటినా అందరిదీ ఒకటే జవాబు. గురువారం ఆఫీసు ఉంది.