తూతూకి అనాస గమ్మీలు

చల్లని ద్రాక్షరసంలో నానేసిన జెలటిన్ పొడి ఉబ్బింది. పసిపిల్లల క్రెష్‌లో వండిపెట్టే పెద్దమ్మ దాన్ని సన్నసెగ మీద పెట్టి గరిటె తిప్పుతూ, క్షణానికోసారి గుమ్మం వైపు తొంగి చూస్తోంది. పొద్దున కాఫీ తాగిందో లేదో గుర్తు లేదు. ఒక కాలికి తన చెప్పు, రెండో కాలికి చెల్లెలి చెప్పు వేసుకుని వచ్చేసింది. మరి ఇవాళ కాలు నిలుస్తుందా! బస్సు కండక్టరమ్మ గమ్మీలు, అంటే పళ్ళరసం జెల్లీ బిళ్ళలు, నేర్చుకోవడానికి క్రెష్ వంటింటికి వస్తోంది.

కండక్టరమ్మ కూతురికి మూడేళ్ళు. నోట్లో ఏది పెట్టినా 'తూ' అని ఉమ్మేస్తుంది కాబట్టి క్రెష్‌లో దాని పేరు తూతూ. పండు ముక్క చూస్తే పెదాలు బిగించేస్తుంది. అలాంటిది పెద్దమ్మ చేసే పళ్ళ గమ్మీలు మాత్రం లొట్టలేసుకుంటూ తింటుంది. ఇప్పుడు తల్లికి దూరపు డిపోకి బదిలీ అయింది. ఇవాళ మధ్యాహ్నమే సామాన్ల వ్యాను వస్తుంది. "అక్కడ దీనికెవరు తినిపిస్తారు పెద్దమ్మా?" అని నిన్న కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

పెద్దమ్మది గంటలాంటి గొంతు, గరిటెలాంటి ఒళ్ళు. మోచేతి మీద పాత నూనె మచ్చ. తల్లి పోయిననాడు నలుగురు చిన్నవాళ్ళు ఈవిడ చేతికొచ్చారు. వాళ్ళకి అన్నాలు పెట్టి, బళ్ళకి పంపి, పెళ్ళిళ్ళు చేసే హడావిడిలో ఈవిడ పెళ్ళి సంగతి అందరూ మరిచిపోయారు. ఈవిడ కూడా! తర్వాత చెల్లెలి పిల్లలు, ఆ తర్వాత ఈ క్రెష్. "ఆ చేతిలో ఏదో మహిమ ఉందండీ" అని తల్లులంటే పైకి "ఛ, ఊరుకోండి" అనేది గానీ, లోపల పాలపొంగే. ఆవిడ దాచుకున్న ఆస్తి ఆ ఒక్క మాట.

కండక్టరమ్మ రానే వచ్చింది, చంకలో ఇంత అనాసపండు. "పసుపురంగంటే దీనికి ప్రాణం. దీంతో చేద్దామా?"

"చేసేద్దాం పద!" పెద్దమ్మ ఉత్సాహానికి పట్టపగ్గాల్లేవు. అనాస చెక్కింది, తురిమింది, గుడ్డలో వేసి పిండింది. "పంచదార చిటికెడు కూడా వద్దు తల్లీ, పండు తీపే చాలు" అంటూ జెలటిన్ కలిపి, ఎలుగుబంటి అచ్చుల్లో పోసి, ద్రాక్ష అచ్చు పక్కనే ఫ్రిజ్‌లో పెట్టింది.

గంట తర్వాత తీసి చూస్తే ద్రాక్షవి బుగ్గల్లా తయారయ్యాయి. అనాసవి నీళ్ళకు నీళ్ళే.

"అయ్యో, నా మతి మండా!" పెద్దమ్మ నెత్తి కొట్టుకుంది. "పచ్చి అనాస జెలటిన్‌ని పేరుకోనివ్వదే! రసం ముందు మరిగించాలి. కొత్తగా చేరినవాళ్ళకి నేనే చెప్తాను, ఇవాళ నేనే..."

"వ్యాను వచ్చేస్తుంది పెద్దమ్మా."

"రానీ. కండక్టరు రైట్ అనకుండా బండి కదులుతుందా? ఈసారి నువ్వే చెయ్యి."

మిగిలిన సగం పండు రసం తీసి, కండక్టరమ్మ సలసలా మరిగించి చల్లార్చింది. కొత్త జెలటిన్ నానేసి, వెచ్చచేసి, అచ్చుల్లో పోసింది. అది పేరుకునేలోపు పక్కగదిలో పడుకున్న తూతూ నిద్రలేచి కళ్ళు నలుపుకుంటూ వచ్చింది. తల్లి ఆశగా ఒక ద్రాక్ష గమ్మీ తీసి నోటికందించింది.

"తూ!"

తల్లి ముఖం వాడిపోయింది. "చూశావా. ఇదంతా నీ చేతి మహిమే. నాకు రాదు."

పెద్దమ్మ గరిటె కింద పెట్టింది. ఊరుకోవచ్చు. ఊరుకుంటే ఆ మాట తనకే మిగిలిపోతుంది, పిల్ల మాత్రం ఆ కొత్త ఊళ్ళో మాడుతుంది. ఛీ, ఇదేం బుద్ధి అని తనను తానే తిట్టుకుంది.

"మహిమా లేదు, మన్నూ లేదు" అంది చివరికి. "నేను దాని నోట్లో ఏనాడూ ఏదీ పెట్టలేదు. అచ్చు ముందుపెట్టి, నా చేతులు వెనక్కి పెట్టుకుంటాను. అంతే. అదే నొక్కుకుంటుంది, అదే తింటుంది."

"అంతేనా?"

"అంతే. ఇంకొకటి. తింటుంటే దాని ముఖంలోకి చూడకు."

అనాస అచ్చు బయటికి తీశారు. పసుపుపచ్చటి ఎలుగుబంట్లు నిగనిగలాడుతున్నాయి. తల్లి దాన్ని ముక్కాలిపీట మీద పెట్టి, చేతులు వెనక్కి కట్టుకుని, గోడవైపు తిరిగి నిలబడింది. తూతూ అచ్చు వెనక బొటనవేలితో నొక్కింది. టప్! ఎలుగుబంటి బయట పడింది. కిలకిలా నవ్వి నోట్లో పెట్టుకుంది.

నమిలింది. మింగింది. టప్! ఇంకొకటి.

"తింటోందా?" తల్లి గోడకే గుసగుసలాడింది.

"ఉష్! తిరిగావంటే చంపుతాను" అని పెద్దమ్మ ఆమె నడుం మీద గిల్లింది. ఇద్దరి భుజాలూ నవ్వుతో ఎగిరెగిరి పడుతున్నాయి. ఆమె కళ్ళలో నీళ్ళు, ఈవిడ కళ్ళలో నీళ్ళు.

బయట వ్యాను హారన్ మోగింది. ఇంకొక అచ్చు కట్టి ఇవ్వడం, "నీళ్ళు తాగించు, పరుగెత్తేటప్పుడు పెట్టకు, కూర్చుని నమలనీ" అని చెప్పడం, చంకనెత్తడం అన్నీ ఒక్క ఊపులో జరిగిపోయాయి. గుమ్మం దాకా వెళ్ళిన తూతూ తల్లి భుజం మీంచి వంగి, పెద్దమ్మ అరచేతిలో ఏదో గట్టిగా అదిమింది. "పెద్దమ్మా, నువ్వే తిను" అంది పెత్తనంగా.

వ్యాను మలుపు తిరిగింది. పెద్దమ్మ వంటింట్లోకి వచ్చి గుప్పిట విప్పింది. బియ్యపుగింజల్లాంటి పళ్ళ గాట్లతో, తలలేని పసుపు ఎలుగుబంటి.