మూడు రాళ్ల కింద బూడిద

ఎర్మిలా పొయ్యి జోలికి పోకూడదని ఊళ్లో పసిపిల్లలకి కూడా తెలుసు. తెలియనిదల్లా ఆ పాతకాలపు గోడకే. పాత కట్టడాల కోసం పెరట్లో తవ్వుతున్న గుంటలో బయటపడిన ఆ గోడ అటూ ఇటూ తిరగకుండా తిన్నగా వచ్చి ఆమె వంటపాక కిందే దూరింది.

"గోడ మొత్తం చూడాలంటే పొయ్యి కదపక తప్పదు, దోన్యా ఎర్మిలా," అంది లిగియా మర్యాదగా, నసుగుతూ. తవ్వకాలకి పెద్ద ఆవిడే. మెరిదా పట్నం నుంచి వచ్చి ఈ ఊళ్లోనే ఉంటోంది, అందరికీ టీచరమ్మ. "అవతల ఇంతకంటే మంచి పాక వేయించి ఇస్తాం."

"నా పెళ్లినాటి పొయ్యమ్మా అది! మీ గోడకి వేరే దారే దొరకలేదా?"

"కట్టినవాళ్లు పోయి వెయ్యేళ్లు దాటింది. పక్కకి జరపమని ఇప్పుడు ఎవర్ని అడగను?"

ఉయ్యాలలో పడుకున్న మొగుడు బార్తోలో కిసుక్కున నవ్వాడు. ఎర్మిలా ఒక్క చూపు చూసింది. నవ్వు మింగేశాడు.

ఆమె బెంగ పాక గురించి కాదు. కొత్త పాకంటే ఎవరికి చేదు? ఆ పొయ్యి మూడు రాళ్ల కింద, బూడిదలో, కూతురు సుయేమి బొడ్డుపేగు ఉంది. ఊడిపడిన రోజున ఎర్మిలాయే తన చేత్తో పాతిపెట్టింది. మగపిల్లాడిదైతే అడవిలో పాతుతారు, పొలం పనికి అందిరావాలని. ఆడపిల్లది పొయ్యి కింద పాతుతారు, ఇల్లు పట్టుకుని ఉండాలని. సుయేమికేమో ఇల్లు పట్టడం లేదు. మొక్కజొన్న రుబ్బమంటే గుంట దగ్గర తేలుతుంది. పనివాళ్లకి రొట్టెలిచ్చి రమ్మంటే సాయంత్రానికి గాని రాదు, వచ్చేసరికి గోళ్ల నిండా మట్టి. తాపీ ఇచ్చి పనిలో పెట్టుకుంటానని టీచరమ్మ అందట కూడాను. ఇప్పుడా రాళ్లు కాస్తా లేపేస్తే ఇంక పిల్ల చేతికి దక్కినట్టే!

ఆ సాయంత్రం తల్లీకూతుళ్లిద్దరి మధ్యా మాటామాటా పెరిగింది.

"నీ బొడ్డు అక్కడుందే. నీ చోటదే."

"నేనెక్కడికి పోతున్నానమ్మా? పెరట్లోకేగా!"

"ఇవాళ పెరడు, రేపు గుట్ట, ఎల్లుండి ఇంకే అడవో!"

"నాన్న రోజూ అడవికి పోవట్లా?"

"మీ నాన్న బొడ్డు అక్కడుంది, పోతాడు."

"అయినా ఆకలేస్తే పొయ్యి దగ్గరికేగా వస్తాడు!"

ఎర్మిలా చిక్కుడు గింజల కుండని ఠపీమని దించింది.

తెల్లారేసరికి తనే లిగియా దగ్గరికి వెళ్లింది. "తీసుకోండి రాళ్లు. కానీ నా కూతురిది తప్ప ఇంకో చెయ్యి పడిందంటే ఊరుకోను. దాని బొడ్డు అదే తీసుకుంటుంది." లోపల లెక్క వేరే ఉంది. కాసేపు బూడిదలో మోకాళ్ల మీద కూర్చుంటే సరదా అంతా తీరిపోయి, తాపీ అవతల పారేసి వస్తుందిలే అనుకుంది.

బోర్లించిన బకెట్ మీద కూర్చుని కాపలా కాసింది. పిల్ల విసుక్కోలేదు. తాపీ అంచుతో కొంచెం గీకడం, కుంచెతో ఊడవడం, మళ్లీ గీకడం. బొడ్డుపేగు ఎప్పుడో మట్టిలో కలిసిపోయింది. అది ఉండాల్సిన చోటి బూడిద గుప్పెడు తీసి సుయేమి తల్లికిచ్చింది. ఎర్మిలా దాన్ని గుడ్డలో మూటగట్టి ఒళ్లో పెట్టుకుంది.

బూడిద కింద గట్టినేల. దాని కింద కాలి ఎర్రబడ్డ మట్టి. అందులోంచి నల్లటి రాయి ఒకటి తల ఎత్తింది. పక్కనే ఇంకోటి.

"నాన్నా, వంగకు! మట్టి రాలుతోంది!" సుయేమి కసిరింది. బార్తోలో బెదిరి వెనక్కి జరిగాడు. మూడో రాయి కూడా తేలేసరికి లిగియా గబగబా గుంటలోకి దిగింది.

ఎర్మిలా బకెట్ మీంచి లేచి గుంటలోకి తొంగిచూసింది. మూడు రాళ్లు, అచ్చం తను పెట్టుకున్నట్టే ఉన్నాయి.

"ఎవరిదే ఈ పొయ్యి?"

"పేరు తెలీదమ్మా. మీలాగే ఎవరో అమ్మది," అంది లిగియా.

"పాపం! దాని కూతురికీ ఇల్లు పట్టుండదు."

అందరూ నవ్వారు. సుయేమి మాత్రం ఆ రాళ్ల మీంచి కళ్లు తిప్పలేదు. ఆ మొహం ఎర్మిలాకి తెలుసు. చిన్నప్పుడు మొదటిసారి తను చేసిన రొట్టె పెనం మీద పొంగినప్పుడు తన మొహం కూడా ఇలాగే వెలిగి ఉంటుంది. ఆమెకి ఒక్కసారిగా ఎంతో సంతోషమేసింది. ఆ సంతోషం మీద కోపం కూడా వచ్చింది.

కొత్త పాక లేచింది. ఎర్మిలా పొయ్యి రాళ్లు మూడూ తెచ్చి పెట్టారు. వాటి మధ్య సుయేమి చిన్న గొయ్యి తీసి, తల్లి చేతిలోని మూట కోసం చూస్తూ కూర్చుంది.

"రేపట్నుంచి నువ్వు తవ్వే చోటేదే?" అడిగింది ఎర్మిలా, మూట ఇవ్వకుండా.

తల్లిని వెంటబెట్టుకెళ్లి, గుట్ట వెనక, చెట్ల మొదట్లో, నాలుగు మేకులు కొట్టి తాడు కట్టిన చోటు చూపించింది సుయేమి. ఎర్మిలా తాడు దాటి లోపలికెళ్లి, గొంతుక్కూర్చుని మట్టి గీకడం మొదలుపెట్టింది.

"అడవిలో పాతేది మగపిల్లలది కదే!" అన్నాడు వెంట వచ్చిన బార్తోలో.

"ఆడో మగో అడవికేం తెలుస్తుంది? నువ్వు చెప్పకుంటే చాలు."

"అమ్మా! లోపల కాదు!" సుయేమి పరుగున వచ్చి చెయ్యి పట్టుకుంది. "మన బూడిద పాతదాంట్లో కలిస్తే మా పనంతా పాడైపోతుంది. తాడు బయట పెట్టు."

"చూశావా? ఇంకా పనిలో చేరనేలేదు, అప్పుడే నా మీద అరుస్తోంది!" అంది ఎర్మిలా మొగుడితో. ఆ గొంతులో గర్వం దాగలేదు.

తాడుకి జానెడు బయట గొయ్యి తీసి, మూట విప్పి బూడిద పోసింది. మట్టి కప్పి మడమతో అదిమింది. లేచి చేతులు దులుపుకుంది.

"చీకటి పడకముందే వచ్చెయ్," అంది కూతురితో. "ఆకలేస్తే పొయ్యి దగ్గరికేగా రావాలి."