గాసి దుంగ

దుంగ కింద పడ్డ గాసికి ఊపిరి ఇంకా ఆడుతూనే ఉంది. అప్పుడు కలప డిపో షావుకారు వరహాలరావు నోట్లోంచి వచ్చిన మొదటి మాట ఏమిటో తెలుసా? "దుంగ పగిలిందేమో చూడండ్రా." కొండ మనిషి పోతే పోయాడు గానీ, పగిలిన దుంగకి విశాఖపట్నంలో ధర పలకదు. అదీ ఆయన బెంగ.

దేముడమ్మ అప్పుడు ఆ కలప డిపోలోనే బెరడు ఊడుస్తోంది. గాసి ఆమె పెనిమిటి. లారీకి రెండు వాసాలు ఏటవాలుగా ఆనించి, దుంగకి తాళ్ళు వేసి పైనుంచి కొందరు లాగుతుంటే, కిందనుంచి కొందరు భుజం పెట్టి నెట్టాలి. తాడు పీచులు లేచిపోయింది, మార్చండి బాబూ అని గాసి పొద్దున్నే అడిగాడు. వచ్చే లోడుకి చూద్దాంలే అన్నాడు వరహాలరావు. ఈ లోడుకే తెగింది. చీపురు పారేసి పరుగెత్తుకొచ్చిన దేముడమ్మ కళ్ళెదుటే మేస్త్రీ సీసా తెచ్చి గాసి నోట్లోనూ, చొక్కా మీదా సారా పోశాడు. పోలీసులొచ్చి వాసన చూసి, తాగి పడ్డాడని తేల్చేసి, వరహాలరావు ఇప్పించిన కాఫీ తాగి వెళ్ళిపోయారు.

ఆ పొద్దు గాసి తాగింది చోడంబలి. పోసింది దేముడమ్మ. తన మొగుడు తాగిపడి చావలేదని, తెగిన తాడే చంపిందని వరహాలరావు చేత, వాడి నోటితోనే, పదిమందిలో చెప్పించాలి. ఆమెకి కావలసింది అదొక్కటే. పగ అంటారా? పగే. దానికి కూడా షావుకార్ల దగ్గర సెలవు చీటీ తెచ్చుకోవాలా?

ఇది ఎమర్జెన్సీ ఎత్తేసిన మరుసటేటి మాట. అరకు రైలు స్టేషను శివార్లలో రోడ్డు వారంట రంపపు మిల్లూ, రాళ్ళ క్రషరూ, సున్నం బట్టీలూ వరసగా ఉండేవి. అన్నిటికీ కింద పల్లంనుంచి వచ్చిన షావుకార్లే యజమానులు. గాసి పోయిన వారంలోనే వాళ్ళందరూ వరహాలరావు మిల్లు వరండాలో కూడారు. మంచినీళ్ళు అందించడానికి దేముడమ్మనే పిలిచారు. మొగుడు పోయిన మనిషని ఎవరికీ తట్టలేదు. అసలు వాళ్ళు ఆమె మొహం చూస్తేగా.

వ్యాపారం చితికిపోయిందని ఒకటే ఏడుపు. డీజిలు మండిపోతోందిట, బ్యాంకు వాడు అప్పివ్వడంట, కొండోళ్ళు పండగొస్తే పనిలోకి రారుట. క్రషరు సర్వేశ్వరరావు కుర్చీ ముందుకి లాక్కుని అసలు సంగతి చెప్పాడు. ఇవాళ నువ్వు తాడు తప్పు ఒప్పుకుంటే రేపు నా కూలీలు నెత్తికి ఇనప టోపీలు అడుగుతారు, ఎల్లుండి బట్టీవాళ్ళు చెప్పులు అడుగుతారు, కాబట్టి మనందరిదీ ఒకటే మాట, గాసి తాగి చచ్చాడు. నోరెత్తినవాడికి ఈ రోడ్డు మీద ఎక్కడా పని లేదు. అందరూ తలలూపారు.

వరహాలరావు మాత్రం దేముడమ్మ చేతిలో గ్లాసు అందుకుంటూ నవ్వాడు.

"ఎందుకయ్యా అంత కంగారు? వీళ్ళకి గుర్తుండదు. ఇటుకల పండగ రానీ, అన్నీ మరిచిపోతారు."

ఖాళీ గ్లాసులు కడిగి బోర్లించి, దేముడమ్మ నేరుగా ఊరికి పోయి విన్నదంతా చెప్పింది.

ఊళ్ళో పెద్ద గలాటా అయింది. గాసి తమ్ముడు మల్లేశు, వాడూ ఆ డిపోలో లోడింగు కూలీయే, విల్లు తీసి మిల్లు తగలబెడతానని లేచాడు. కుర్రాళ్ళు కొందరు వాడి వెనకే లేచారు. పని పోతే తినేదేమిటని ముసలాళ్ళు అడ్డం పడ్డారు. అందరినీ అరవనిచ్చి, అప్పుడు దేముడమ్మ నోరు విప్పింది.

"మిల్లు కాలితే ఆడికి ఇన్సూరెన్సు వొత్తాది. మనకి పోలీసోళ్ళు వొత్తారు. రోడ్డు మూసీండి. అది మూత్తే ఆళ్ళందరికీ ఒకేపాలి ఊపిరాడదు. పండగరోజు మూసీండి. ఆడది రోడ్డుకి కర్ర కడితే అడిగీవోడు లేడు."

చైత్రంలో ఇటుకల పండగంటే తెలిసిందే కదా, మగాళ్ళు వేటకి కొండెక్కుతారు. ఆడవాళ్ళు రోడ్డుకి వెదురు అడ్డంకట్టి పాడుతూ, ఆడుతూ వచ్చేపోయే బండ్లని ఆపుతారు. పజోరు అని ఏదో ఒకటి చేతిలో పెడితేగాని వెదురు లేవదు. వేట దొరక్క ఉత్త చేతులతో దిగొచ్చిన మగాడికి పేడనీళ్ళతో స్నానమే.

ఈసారి వెదురు కాదు, గాసిని చంపిన దుంగే అడ్డం పెడదామంది దేముడమ్మ. అప్పటికి ఆ దుంగని కూలీలెవరూ ముట్టుకోక డిపో గేటు బయటే పడుంది. మనిషిని చంపిన మానుని ముట్టకూడదని ముసలాళ్ళు అన్నారు. దేముడమ్మ వెళ్ళి దాని మీద చెయ్యి వేసింది. "నా మొగుడి నెత్తురే గదా. నాకేటి బయ్యం?" అంది. మల్లేశు వచ్చి ఆమె పక్కన భుజం పెట్టాడు. ఆ తరవాత ఎవరినీ పిలవనక్కర్లేకపోయింది.

పండగ తెల్లారగానే మగాళ్ళు దుంగని ఘాటు రోడ్డు మలుపులోకి దొర్లించి, ఒకవైపు కొండకీ, ఇంకోవైపు లోయ గట్టుకీ ఆనించేశారు. విళ్ళు తీసుకుని ఏమీ ఎరగనట్టు వేటకి పోయారు. ఆడవాళ్ళు దుంగ మీద కూర్చుని పాట ఎత్తుకున్నారు.

కలప లారీలు వచ్చి ఆగాయి. క్రషరు లారీలు, సున్నం బండ్లు వాటి వెనక ఆగాయి. కబురంది షావుకార్లందరూ పరుగున వచ్చారు. వరహాలరావు జీపు దిగి, ఏటేటా చేసినట్టే చిల్లర తీసి గాల్లోకి విసిరాడు. ఒక్కరూ వంగి ఏరుకోలేదు. అప్పుడు చూశాడు అడ్డంగా ఉన్నది ఏ దుంగో.

"పజోరు డబ్బులు కాదు," అంది దేముడమ్మ. "గాసి ఎలాగ సచ్చినాడో నీ నోటితో సెప్పు. అదే పజోరు."

ఆయన మొహం కందిపోయింది. నీకు పిచ్చెక్కిందా అన్నాడు, పోలీసుల్ని పిలుస్తానన్నాడు. కూలీల్ని కేకేశాడు. కూలీలు కొండ మీద వేటలో ఉన్నారు. చివరికి సర్వేశ్వరరావు దిగువ ఊళ్ళనుంచి కూలీల్ని లారీలో రప్పించాడు. కొండోళ్ళు కాకపోతే పల్లపోళ్ళు, మనిషికి కరువా అన్నది ఆయన లెక్క.

లారీలోంచి ముందు దిగింది నూకరత్నం. సర్వేశ్వరరావు క్రషరులో రాళ్ళ గమేళాలు మోసే పల్లపు ముఠాకి ఆమే పెద్ద. దుంగ చూసింది, ఆడవాళ్ళని చూసింది, ఏటైందప్పా అని అడిగింది. దేముడమ్మ చెప్పింది. నూకరత్నం తాడు సంగతి దగ్గర ఆపి మళ్ళీ చెప్పించుకుంది.

"మా క్రషరు కాడా అదే తాడు," అని వెనక్కి తిరిగి తన వాళ్ళని పిలిచింది. "దిగండర్రా, కూకుందాం."

పల్లపు కూలీలు కొండ ఆడవాళ్ళ పక్కన దుంగ మీద కూర్చున్నారు. అంతే, షావుకార్ల ఒకటే మాట మధ్యాహ్నానికి వంద మాటలైంది. నీ ఒక్క శవం కోసం నా రాయి ఆగాలా అని సర్వేశ్వరరావు కస్సుమన్నాడు. సున్నం నీళ్ళ పాలవుతుందని బట్టీవాడు, మబ్బు పట్టిన ఆకాశం చూసి గోల పెట్టాడు. చెప్పేసెయ్యవయ్యా, నోటిమాటే కదా అని అందరూ కలిసి వరహాలరావుని ముందుకి తోశారు.

"తాడు తెగింది," అన్నాడాయన నేల చూస్తూ.

"ఇనపళ్ళేదు," అంది దేముడమ్మ.

"తాడు తెగింది. గాసి తాగలేదు. సారా మేమే పోయించాం. చాలా?"

ఆడవాళ్ళెవరూ చప్పట్లు కొట్టలేదు. దుంగ మీంచి లేచి పక్కకి తప్పుకున్నారు. ఇంక ఎత్తుకోండి, మీరే ఎత్తుకోండి అంది దేముడమ్మ. షావుకార్లు పంచెలు ఎగ్గట్టి భుజాలు ఆనించారు. ఆయాసపడ్డారు, ఒకళ్ళనొకళ్ళు తిట్టుకున్నారు. గాసి ఏళ్ళ తరబడి మోసిన బరువు వాళ్ళకి బెత్తెడు కూడా కదల్లేదు. ఉత్త చేతులతో నిలబడ్డ మగాళ్ళకి పండగలో ఏం మర్యాద జరగాలో అదే జరిగింది. పేడనీళ్ళ మొదటి కడవ దేముడమ్మే వరహాలరావు నెత్తిన బోర్లించింది. ఆమె గుండె చల్లబడింది. చల్లబడలేదని అబద్ధం ఎందుకు చెప్పాలి?

దిగువ ఊళ్ళ బందోబస్తుకి వెళ్ళిన పోలీసు జీపు తిరిగి వచ్చేసరికి దుంగ అక్కడే ఉంది. ఎవరు పెట్టారని ఎస్సై అడిగితే, నేనంటే నేనని ఆడవాళ్ళందరూ లేచారు. ఆయన దేముడమ్మనీ నూకరత్నాన్నీ పట్టుకున్నాడు. పోలీసు స్టేషను మాత్రం దుంగకి ఆవల, ఎగువ వైపున ఉంది. దుంగ తియ్యమని లాఠీ ఊపాడు గానీ, ఒక్క భుజం కూడా ముందుకి రాలేదు. జీపు అక్కడే వదిలేసి, ఇద్దరినీ నడిపించుకుంటూ బయల్దేరాడు. వేటనుంచి దిగొచ్చిన మల్లేశూ, మగాళ్ళూ, లారీలో వచ్చిన కూలీలూ వెనకే నడిచారు.

పక్క ఊరి మలుపు తిరిగేసరికి అక్కడా రోడ్డుకి అడ్డంగా, పొద్దున లేని ఇంకో దుంగ ఉంది. దాని మీద ఆడవాళ్ళు కూర్చుని అదే పాట పాడుతున్నారు. ఆ పై మలుపులోనుంచి కూడా పాట వినిపిస్తోంది.

ఎస్సై చెమట తుడుచుకుని దేముడమ్మ వైపు తిరిగాడు. "ఇవన్నీ ఎప్పుడు తీస్తారే?"

"నాకేటి తెలుసు బాబూ," అంది దేముడమ్మ. "పండగింకా అవ్వనేదు కదా."