వర్షిణి పేరున్న కార్డులు

ప్రవీణ్ ఫోన్ చేసే సమయానికి నామకరణం కార్డులు లత ఇంట్లో ముందుగదిలో దుప్పటి మీద ఆరుతున్నాయి. కిటికీ గాలికి ఎగిరిపోకుండా వరుసల చివర స్టీలు గ్లాసులు పెట్టింది. కుప్పంలో ఉండే ప్రవీణ్, గీత చేయించుకుంటున్న కార్డులవి. వాళ్ళకు తొలి బిడ్డ.

“లతక్కా, ఆ కార్డులు వద్దక్కా,” అన్నాడు ప్రవీణ్.

“యాల? ముహూర్తం మారిందా?”

అవతల బండ్ల చప్పుడు వినిపించింది. రోడ్డు పక్కన నిలబడి మాట్లాడుతున్నట్టున్నాడు.

“పాప లేదక్కా. మొన్న తెల్లారుజామున ఊపిరి అందలేదు. వేలూరు ఆస్పత్రికి తీసకపోతాంటే దారిలోనే పోయింది.”

లత గోడకు ఆనుకుని కూర్చుండిపోయింది. ఆమె ఏమీ అనకముందే ప్రవీణ్ గబగబా చెప్పేశాడు.

“కార్డులన్నీ కాల్చేయక్కా. ఆ పేరు స్టాంపు గూడా. ఇంట్లో ఎవురూ ఆ పేరు ఎత్తగూడదని అమ్మ సెప్పింది. గీత ఫోన్ చేస్తే కాల్చేసినానని సెప్పు.”

“సరేలే నాయనా. నువ్వు జాగ్రత్త. గీతను సూసుకో.”

ఫోన్ పెట్టేశాక లత కార్డులన్నీ ఒక సంచిలోకి ఎత్తింది. పెరట్లో నీళ్ళు కాచే పొయ్యి దాకా వెళ్ళింది. పైనున్న కార్డు మీద వాన చినుకులు, వాటి కింద నీలం సిరాతో ‘వర్షిణి’ అన్న పేరు. చినుకుల మీద వేలు పెడితే వడ్లగింజల్లా తగిలాయి. కొంచెంసేపు అక్కడే నిలబడి, సంచిని తెచ్చి బీరువా వెనక పెట్టేసింది.

లతకు ఈ పని ఎవరూ నేర్పలేదు. ఆమె తల్లిదండ్రులు బి.కొత్తకోట దగ్గరి పల్లెలో టమోటా తోటల్లో కూలికి పోయినవాళ్ళు. భర్త లోకనాథ్ కరెంటాఫీసులో లైన్‌మన్. పెళ్ళయి మదనపల్లెకు వచ్చాక ఫోన్‌లో వీడియోలు చూసి కార్డులు చేయడం మొదలుపెట్టింది. చెరుకురసం మిషన్‌లా రెండు రోలర్లు, పక్కన తిప్పే పిడి ఉన్న చిన్న యంత్రం తెప్పించుకుంది. బొమ్మ చెక్కిన ప్లాస్టిక్ ఫోల్డర్‌లో అట్ట పెట్టి, ఆ రోలర్ల మధ్య తిప్పితే బొమ్మ అట్ట మీద ఉబ్బెత్తుగా లేచి వస్తుంది. పేర్లకు రబ్బరు స్టాంపులు మాత్రం పుంగనూరులో నరసింహులు చేసిచ్చేవాడు. పుట్టినరోజులు, రిటైర్మెంట్లు, గృహప్రవేశాలు... లత కార్డులు కలికిరి, కలకడ దాకా పోయేవి.

గీత కుప్పంలో ఒక ప్రైవేటు స్కూల్లో టీచరు. తోటి టీచరు ఇంట్లో లత చేసిన కార్డు చూసి, కడుపుతో ఉన్నప్పుడే ఫోన్ చేసింది. తల్లి లేని పిల్ల. అందుకే కాన్పు కూడా అత్తగారింట్లోనే. అట్ట రంగు అడగడానికి ఫోన్ చేసి, చివరికి నడుం నొప్పికి ఏం చేయాలో అడిగి పెట్టేసేది. బిడ్డ పుట్టిన సాయంత్రమే మళ్ళీ చేసింది. “అక్కా, ఆడపిల్ల. ఈడ వారం నుంచి వాన నిలవలేదు. వర్షిణి అని పెడతాండాం. నీ దగ్గర వాన బొమ్మ ఉండాదా?” ఆ ఫోల్డర్ లేకపోతే లత బెంగుళూరు నుంచి తెప్పించింది.

ప్రవీణ్ ఫోన్ చేసిన రెండో రోజు అతని తల్లి పాపక్క ఫోన్ చేసింది. లత ఆమె గొంతు వినడం అదే మొదలు.

“నువ్వేనా కార్డులు చేసే ఆమె? బిడ్డ చెవిలో పేరు సెప్పకముందే కాగితాల మీద గుద్దేస్తారామ్మా? అన్నన్ని సార్లు గుద్దినావే, నీకు ఇంట్లో పెద్దోళ్ళు ఎవురూ లేరా?”

“అమ్మా, గీతే పేరు...”

“అది సిన్న పిల్ల. దానికేం తెల్సు? నీకు తెలియల్లా.”

లత ఆ మాటను లోకనాథ్‌కు చెప్పింది. అతను అన్నం కలుపుతూ తలెత్తాడు. “కాగితం మీద పేరు కొడితే పిల్లోళ్ళు పోతారా? నీకేమన్నా మతి ఉండాదా?” అన్నాడు. కొంచెం ఆగి, “కానీ కాల్చేయమన్నప్పుడు కాల్చేయాల్సింది. ఇంట్లో యాల పెట్టుకున్నావు?” అన్నాడు.

మతి ఉంది కాబట్టే లతకు నిద్ర పట్టలేదు. అది మూఢనమ్మకమని తెలుసు. అయినా ఆ పేరును ఒత్తినప్పుడల్లా తాను పైకి చదువుకున్న సంగతి గుర్తొచ్చేది. ఆ బిడ్డ పేరు తల్లిదండ్రుల తర్వాత అన్నిసార్లు పలికింది తానే. లోకనాథ్ ఆఫీసులో జయచంద్ర కోడలికి సీమంతం కార్డులు చేయాల్సి ఉంది. “ఇప్పుడొద్దులేమ్మా, ఫోన్‌లోనే పంపించేస్తాం,” అని జయచంద్ర భార్య నవ్వుతూ చెప్పింది. కుప్పంలో జరిగింది మదనపల్లెకు ఎలా వచ్చిందో లత అడగలేదు. ఇంకెవరిదో పుట్టినరోజు కార్డు మొదలుపెట్టి, పిడి పట్టుకుంది కానీ తిప్పలేకపోయింది. యంత్రం మీద తువ్వాలు కప్పేసింది.

ఒక మధ్యాహ్నం గీత ఫోన్ చేసింది.

“అక్కా, కార్డులు కాల్చేసినావంట గదా.”

లత నోట్లో ‘అవును’ సిద్ధంగానే ఉంది. ప్రవీణ్‌కు ఇచ్చిన మాట. కానీ ఆ గొంతు విన్నాక అది బయటికి రాలేదు.

“లేదు గీతా. ఉండాయి.”

అవతల ఏడుపు వస్తుందనుకుంది. రాలేదు. గీత మెల్లగా, క్లాసులో పాఠం చెబుతున్నట్టు చెప్పింది.

“ఊయల ఎవురిదో వాళ్ళకిచ్చేసినారు. బట్టలు గూడా ఇచ్చేసినారు. నేను సూస్తే ఏడుస్తానని ప్రవీణ్ ఫోన్‌లో ఫోటోలు తీసేసినాడు. పాప పుట్టిందనేదానికి నా దగ్గర ఏమీ లేదక్కా. పాలు మాత్రం ఇంగా వస్తాండాయి. నాకు ఒక్క కార్డు కావాల.”

“తెస్తాను,” అంది లత.

పోస్టులో పంపితే పాపక్క చేతిలో పడుతుందని భయం. లోకనాథ్ వద్దన్నాడు. “వాళ్ళింటి దుఃఖం అది. మనం యాడికని దూరేది?” అన్నాడు. మర్నాడు పొద్దున లత, గీత తనే ఏరుకుంటుందని కార్డుల సంచి మొత్తం తీసుకుని, పేరు స్టాంపు హ్యాండ్‌బ్యాగులో వేసుకుని బస్సెక్కింది. పుంగనూరు దాటాక, పలమనేరులో బస్సు మారేటప్పుడు, వెనక్కి పోదామా అని ఒకసారి అనిపించింది. పోలేదు.

కుప్పంలో తలుపు తీసింది పాపక్కే. చేతిలో సంచి చూడగానే ఎవరో తెలిసిపోయినట్టుంది.

“మళ్ళీ ఈడికి యాల మోసుకొచ్చినావు? ఒకతూరి సేసింది సాలలేదా?”

లత గడప బయటే నిలబడింది. “తప్పు నాదే అనుకోమ్మా. గీత సూడాలనింది. సూపించి పోతాను.”

లోపలి నుంచి గీత వచ్చింది. జుట్టు దువ్వుకోలేదు. రవిక మీద తడి మరక కనబడకుండా తువ్వాలు కప్పుకుంది. “అత్తా, ఆ పేరు సెప్పింది నేను. తప్పుంటే నాది. లతక్కను అనొద్దు,” అంది.

సంచిలోంచి ఒక కార్డు తీసుకుని గడప మీదే కూర్చుంది. చినుకుల మీద అరచెయ్యి ఆనించి కళ్ళు మూసుకుంది. తర్వాత పైకి చదివింది. “వర్షిణి.” ఇంకోసారి కొంచెం గట్టిగా, పక్కగదిలో ఉన్న మనిషిని పిలిచినట్టు, “వర్షిణీ.”

“ఎత్తొద్దంటిని గదే!” అని పాపక్క చెవులు మూసుకుని లోపలికి వెళ్ళిపోయింది. లోపల ఆమె ఏడుపు వినిపించింది.

ప్రవీణ్ అప్పుడే బండి ఆపి దిగాడు. గడప మీద భార్యను, పక్కన లతను, సంచిని చూశాడు. అతని ముఖం మారిపోయింది.

“కాల్చేస్తానంటివి గదక్కా. సరేనని నాతో అబద్ధం సెప్పినావు.”

“అవును. సెప్పినాను.”

“మేము ఎట్ల బతుకుతాండామో నీకేం తెల్సు? ఇప్పుడిప్పుడే ఒక ముద్ద తింటాంది. మళ్ళీ అంతా తోడి పోస్తివి.”

సంచి లాక్కుని ఇంటి పక్క సందులోకి వెళ్ళాడు. ఎండుకొమ్మల కుప్ప మీద సంచి బోర్లించి అగ్గిపుల్ల గీశాడు. మందపు అట్ట త్వరగా అంటుకోలేదు. ఒక్కో పుల్లా తీస్తూ, అంటుకునే దాకా గీశాడు. గీత అతన్ని ఆపలేదు. తన చేతిలోని కార్డును మాత్రం తువ్వాలు కింద దాచుకుంది. ప్రవీణ్ దాన్ని చూశాడు, అడగలేదు.

పేరు స్టాంపు లత హ్యాండ్‌బ్యాగులో ఉండిపోయింది. తిరుగు బస్సులో ఆమె చీర అంతా పొగవాసన. చెప్పిన మాట తప్పింది, ఇంకో ఇంట్లో గొడవ పెట్టింది, చివరికి కార్డులు ఎలాగూ కాలిపోయాయి. ఆ మాటే లోకనాథ్‌తో అంది. అతను లేచి కాఫీ పెట్టి తెచ్చాడు.

ఆ తర్వాత కుప్పం నుంచి ఫోన్ రాలేదు. లత కూడా చేయలేదు. యంత్రం తువ్వాలు కిందే ఉండింది.

వానలు పోయి చలి మొదలయ్యాక ఒక ఆదివారం ప్రవీణ్, గీత చెప్పాపెట్టకుండా వచ్చారు. గీత చిక్కిపోయింది. ప్రవీణ్ తలుపు దగ్గరే నిలబడ్డాడు.

“లోపలికి రా నాయనా.”

“ఆ పొద్దు సానా మాటలన్నాను, లతక్కా.”

“అననీలే. రా, కూర్సో.”

అతను కూర్చున్నాడు. తర్వాత చెప్పాడు.

“మా ఆఫీసుకు హిందూపురం నుంచి కొత్తగా ఒకాయన వచ్చినాడు. సంగతి తెలియదు. గీతకు కాన్పయిందని మాత్రం ఎవురో సెప్పినట్టుండారు. పాపకు ఏం పేరు పెట్టినారప్పా అని అడిగినాడు. ఇంగా పేరు పెట్టలేదు సార్ అని సెప్పేసినానక్కా. నా నోటితోనే. ఆ సాయంత్రం ఇంటికి పోలేకపోయినాను. రైల్వేస్టేషన్‌లో కూర్సోని ఏడ్సినాను.”

గీత అందుకుంది. “మళ్ళీ కార్డులు చేద్దామక్కా. నామకరణానికి ఎవురెవుర్ని పిలవాలనుకున్నామో వాళ్ళందరికీ. పిలిచేదానికి కాదు. పాప మా ఇంటికొచ్చింది, దాని పేరు ఇదీ అని సెప్పేదానికి.”

లత వెనక్కి జరిగింది. “నా వల్ల గాదు గీతా. ఆ మిషన్ పట్టుకుంటే నాకు చెయ్యి ఆడటంలే. మీ అత్త అన్న మాట... అది నిజం గాదని తెల్సు. అయినా నా సేత్తో మళ్ళీ ఆ పేరు కొట్టలేను.”

“నువ్వు కొట్టొద్దు. నాకు సూపించు. నేను కొడతాను.”

లత తువ్వాలు తీసింది. దుమ్ము తుడిచి, ఫోల్డర్ తెరిచి, అట్టను ఎలా సరిగ్గా పెట్టాలో చూపించింది. గీత మొదట తిప్పింది వంకరగా వచ్చింది. రెండోదానికి అట్ట చిరిగింది. ప్రవీణ్ లేచి వచ్చి యంత్రం కదలకుండా పట్టుకున్నాడు. మూడోదాని మీద చినుకులు నిండుగా లేచాయి. పేరు స్టాంపును లత ఇంకు ప్యాడ్ పక్కన పెట్టింది. గీత ఒక్కో కార్డు మీదా ఆ స్టాంపు ఆనించి, కాసేపు ఒత్తిపట్టి, ఎత్తింది. అప్పుడప్పుడు ఆగి ముక్కు తుడుచుకుంది. ఎవరూ ఓదార్చబోలేదు.

పేరు కింద ఒక వాక్యం కావాలన్నారు. దానికీ ఒక స్టాంపు ప్రవీణ్ పుంగనూరు వెళ్ళి చేయించుకొచ్చాడు. నరసింహులు కాగితం మీది వాక్యం చదివి, “ఇట్లాంటివి ఎవురూ చేయించరప్పా, బాగా ఆలోచన చేసినారా?” అని అడిగాడట. ఆలోచించామని ప్రవీణ్ చెప్పాక, ఇంకేమీ అడగకుండా చేసిచ్చాడట. ‘మా కూతురు. కొన్నాళ్ళు మాతో ఉంది.’ అంతే ఆ వాక్యం.

కార్డులను ప్రవీణ్ తానే కుప్పంలో ఇల్లిల్లూ తిరిగి ఇచ్చాడు. కొందరు తీసుకుని కళ్ళకద్దుకున్నారు. కొందరు ఏం చేయాలో తెలియక టీ తాగిపొమ్మన్నారు. స్వయానా మేనమామ కుప్పుస్వామి మాత్రం తలుపు దగ్గరే ఆపేశాడు. “ఇంట్లో పెండ్లి పెట్టుకోనుండాము. ఆ కార్డు లోపలికి తేవొద్దురా,” అన్నాడు. ప్రవీణ్ ఆ కార్డును జేబులో పెట్టుకుని తిరిగొచ్చేశాడు. పాపక్క ఆ వారమే కలికిరిలో కూతురింటికి వెళ్ళిపోయింది. వెళ్ళేముందు గీతతో మాట్లాడలేదు. ఇంకా తిరిగి రాలేదు. ఇవన్నీ గీత ఫోన్‌లో చెబుతుంటే, మంచి చేశామో చెడు చేశామో లతకు తేలలేదు. “నిద్ర పడతాందా?” అని మాత్రం అడిగింది. “కొంచెం కొంచెం,” అంది గీత.

జయచంద్ర కోడలి సీమంతం లత కార్డులు లేకుండానే జరిగింది. అయినా లత పుట్టినరోజు కార్డు ఒకటి చేసింది. తర్వాత ఇంకొకటి.

సంక్రాంతి దాటాక ఒక రోజు తెలియని నంబరు నుంచి ఫోన్ వచ్చింది. పెద్దావిడ గొంతు, కుప్పం వైపు యాస.

“మా వీధిలో ఒకరింట్లో సూసినానమ్మా, వాన బొమ్మ కార్డు. నువ్వేనంట గదా చేసేది. నాగ్గూడా ఒకటి కావాల. ఎవురికీ ఇచ్చేదానికి గాదు. నాకే. మగబిడ్డ. సానా ఏండ్లయిందిలే.”

లత కాగితం, పెన్ను దగ్గరికి లాక్కుంది. “సరేమ్మా. పేరేంది?”

ఆవిడ వెనక ఎక్కడో కోడి అరుస్తోంది.

“పేరు పెట్టలేదు తల్లీ. అంతలోపలే పోయినాడు.”

లత పెన్ను కింద పెట్టింది. “ఇప్పుడు పెట్టుకోమ్మా. ఏం పెట్టాలనిపిస్తే అది పెట్టు. నేను కాసుకోనుంటాను,” అంది.

“అట్లా పెట్టొచ్చా?” అని ఆవిడ అడిగింది. తర్వాత, “ఆలోచన చేసి మళ్ళీ చేస్తానమ్మా,” అని ఫోన్ పెట్టేసింది.

ఆ నంబరును లత ఫోన్‌లో దాచుకుంది. ఆవిడ ఇంకా చేయలేదు.