జానెడు పేగు

గొర్రె పేగుని ఇంట్లో ఎలా కడుగుతారో విశాలికి ముప్పై ఒక్కేళ్లు వచ్చేదాకా తెలియదు. ఎలా తెలుస్తుంది? వాళ్ల నాన్నగారు లక్ష్మీనరసింహం విజయనగరంలో పిల్లలకి వయొలిన్ చెప్తారు. ఆ ఇంట్లోకి వెల్లుల్లి కూడా రాదు. అలాంటి ఇంటి పిల్ల నాలుగేళ్లుగా ల్యాబులో గొర్రె పేగులు గీకుతోంది. సాయంత్రం వచ్చేసరికి వాళ్లమ్మ బకెట్టుతో నీళ్లు పెరట్లో పెట్టి ఉంచుతుంది, ఒక్క మాటా అనదు. ఆ అనకపోవడానికే విశాలి సగం అలిసిపోయింది.

గీకి ఏం చేస్తుందయ్యా అంటే, పేగు లోపలి పొరలోంచి బతికున్న కణాలు తీసి, జిగురులాంటి దాంట్లో నాటి, రోజు విడిచి రోజు వాటికి మేత మారుస్తుంది. అయిదు రోజులు తిరిగేసరికి మైక్రోస్కోపులో ఉడికిన సగ్గుబియ్యంలా గుండ్రంగా కనిపిస్తాయి. ఆర్గనాయిడ్లంటారు. ఒక్కోటీ ఒక బుల్లి పేగన్నమాట. చిన్న సీసాల్లో పోసి ద్రవ నైట్రోజన్ ట్యాంకులో దాస్తే ఏళ్లకేళ్లు ఉంటాయి, కావలసినప్పుడు మళ్లీ పెంచుకోవచ్చు. రోగాన్ని వాటికి అంటించి చూస్తే గొర్రెపిల్లల్ని చంపక్కర్లేదు.

ట్యాంకులో కబేళా గొర్రెలవి నలభై సీసాలున్నాయి. ఆమెకి కావలసింది మాత్రం ఒక్కటే, రామతీర్థం దగ్గర మంద కాసే గంగులు గొర్రె. నల్లచెవుల గొర్రె, పేరు లచ్చిమి. రెండు వానాకాలాలు మందంతా పారుడు రోగం పట్టి విరేచనాలతో పడిపోతే, అది మాత్రం వాటి మధ్యనే మేసి, వాటి మధ్యనే నెమరేసింది. దాని పేగులో ఏముందో తేలాలి. ఈ నెల ముప్పయ్యో తారీఖుకి ప్రాజెక్టు మూసేస్తున్నారు. ఆలోపు లచ్చిమిది ఒక్క సీసా అయినా ట్యాంకులోకి చేరకపోతే నాలుగేళ్ల చాకిరీ గంగలో కలిసినట్టే.

గంగులు దాన్ని కొయ్యనన్నాడు. "దాన్నెలా కోస్తానమ్మా? ముసిల్దయిపోనాది, ఎప్పుడో పడిపోతాది. అప్పుడు పట్టుకెల్లండి," అన్నాడు. సరేనని విశాలి అతనికి ఒక థర్మాకోల్ పెట్టె, ఎర్రటి మందునీళ్ల సీసా ఇచ్చింది. ప్రాణం పోగానే జానెడు పేగు కోసి ఈ నీళ్లలో వేసి, చుట్టూ ఐసు పెట్టి ఫోన్ చెయ్యమంది. మూడుసార్లు వెళ్లి మూడుసార్లు చెప్పింది. గంగులు మూడుసార్లూ గంగిరెద్దులా తలూపాడు. అతని భార్య తాయారు పక్కనే గిన్నెలు తోముకుంటోంది.

ఇరవయ్యో తారీఖు పొద్దున్న గంగులు ఫోన్ చేశాడు. "కాలవ గట్టుమీంచి జారి కాలిరగ్గొట్టుకున్నాది డాట్రమ్మా. బాద సూడ్లేక కోసీసినాను. వొచ్చీయండి." విశాలికి ఇంకా డాక్టరేటు రాలేదు, ఆ సంగతి చెప్పే తీరికా లేదు. స్కూటరు తీసింది.

పెట్టెని తాయారే రెండు చేతులతో తెచ్చి ఇచ్చింది. మూత తియ్యగానే పసుపు వాసన కొట్టింది. పేగు ఉతికిన గుడ్డలా శుభ్రంగా ఉంది. తిరగేసి, సున్నం రాసి, వేడినీళ్లతో కడిగి, పసుపు పట్టించి ఉంది. ఎర్రనీళ్లు లేవు.

"ఆ నీల్లు పాడైపోయి ఎర్రబడిపోనాయని పారబోసీసినాను. మీలాంటోల్లు ముట్టుకునీది కదమ్మా, మూడు నీల్లు కడిగినాను," అంది తాయారు.

బతికున్న కణం ఒక్కటీ ఉండదని విశాలికి చూస్తూనే తెలిసింది. అయినా బాగుందమ్మా అనేసి మూత పెట్టింది. కోప్పడడానికి కూడా ఒంట్లో ఓపిక లేదు.

తెలిసి తెలిసీ నాటింది. అయిదు రోజులూ మేత పెట్టింది. ఏమీ మొలవలేదు. "పోనీలెండి విశాలి గారూ, శాంపిల్ పాడైందని రిపోర్టులో ఒక ముక్క రాసెయ్యండి," అన్నారు పై అధికారి తిరుమలరావు గారు. ఆయనకి ఒక ముక్కే. గంగులు మాత్రం రోజూ ఫోన్ చేసి "మా లచ్చిమి మొలిసిందామ్మా?" అని అడుగుతున్నాడు. రోజూ ఇంకా లేదని చెప్పి చెప్పి, ఆరో రోజు తనే వెళ్లి ఉన్నమాట చెప్పేసింది.

గంగులు పెళ్లాం మీదికి తిరిగాడు. "ఒసే, నిన్నెవులే కడగమన్నారు?"

తాయారు గొంతు పెంచలేదు. చేతులు చీరకి తుడుచుకుని విశాలి వైపే చూసింది. "కడగొద్దని నాకెవులు సెప్పినారు? కోసీది ఆడు. పేగు తీసీదీ కడిగీదీ నాను. పెల్లైన కాడి నుంచీ నానే. మీరు మూడుసార్లొచ్చినారు, మూడుసార్లూ ఆడికే సెప్పినారు. నానక్కడే గిన్నిలు తోముతన్నాను."

విశాలి అరుగు మీద కూలబడింది. "తప్పు నాదే తాయారమ్మా," అంది.

తాయారు గ్లాసుతో నీళ్లు తెచ్చి ఇచ్చింది. తాగేదాకా నిలబడింది. తర్వాత మందలో ఒక నల్లచెవుల పిల్లని చూపించింది. "అది లచ్చిమి పిల్ల. మొన్న వానకి అదీ పడిపోనేదు. ఇప్పుడు నాకు సెప్పు, దానికేటి సెయ్యాల?"

విశాలి స్కూటరు మీంచి పెట్టె దింపి చెప్పింది. ఈసారి ఆమెకే చెప్పింది. తాయారు వేళ్లు మడుస్తూ అప్పచెప్పింది. "కడగను. సున్నం రాయను. పసుపు ముట్టించను. ఎర్రనీల్లు పారబొయ్యను. ఐసులో ఎట్టి ఫోను సేస్తాను." ఒక్క తప్పు లేదు.

ఆ పిల్లకి ఏడాది నిండింది. ఇంకో ఏడెనిమిదేళ్లు హాయిగా మేస్తుంది. ముప్పయ్యో తారీఖుకి ఇంక నాలుగు రోజులే ఉంది.

"మరి ఫోను ఎవులికి సెయ్యాల?" అని అడిగింది తాయారు.

ల్యాబు నంబరు పెట్టె మూత మీద పెద్దగా రాసే ఉంది. నెలాఖరు దాటితే ఆ ఫోను ఎత్తేవాళ్లుండరు. విశాలి పెన్ను తీసి దాన్ని కొట్టేసి, కింద తన నంబరు రాసింది. ఆ పేగు చేతికొచ్చిన రోజున దాన్ని ఎక్కడ నాటుతుందో ఆమెకే తెలియదు.