ఇటలీ బండల్లో తూటా మచ్చ

గృహప్రవేశమై పది రోజులు కూడా కాలేదు. భాగ్యలక్ష్మి వాళ్ల కొత్త ఇంటి హాల్లో నేల మీద కూర్చుని మజ్జిగ తాగుతున్న సునీత చేతిలో గ్లాసు ఒరిగి మజ్జిగ ఒలికింది. తుడవడానికి గుడ్డ అందుకుని వంగిన మనిషి సగం తుడిచి ఆగిపోయింది.

తడిసిన చోట లేత పసుపు బండలో గోధుమరంగు మచ్చ ఒకటి తేలింది. చిటికెన వేలంత పొడవు, ఒక కొస సూదిగా ఉంది. తుపాకీ తూటాను నిలువునా కోసినట్టుంది. దానికి జానెడు దూరంలో గుండ్రటి మచ్చ ఇంకొకటి. అడ్డంగా కోసిన నిమ్మకాయలోలాగా నడిమి చుక్క నుంచి గీతలు అంచుదాకా పోయాయి.

"ఏం చూస్తున్నవే? మరకనా?" అంది భాగ్యలక్ష్మి.

"మరక కాదక్కా. గీ బండలు యాడివి?"

"ఇటలీవి! చుట్టాలందరికీ ఎరుకే. మా మరిదే దగ్గరుండి తెచ్చిండు. నీకు చెప్పలేదా?"

మరిది అంటే సునీత భర్త నరేందర్, బండలు పరిచే మేస్త్రీ. భాగ్యలక్ష్మి సునీతకు పెదనాన్న కూతురు. ఆ చుట్టరికంతోనే ఇంటి పని మొత్తం అతని చేతిలో పెట్టారు.

సునీత శంషాబాద్ సర్కారు బడిలో సైన్సు టీచరు. ఆరేళ్లుగా ఆమెకు శిలాజాల పిచ్చి. బ్యాంకు మెట్ల మీదా, ఫంక్షన్ హాలు గోడల మీదా పాతకాలపు సముద్రజీవుల గుర్తులు వెతుకుతుంది. బ్యాగులో ఎప్పుడూ కంసాలి భూతద్దం ఉంటుంది. ఆ తూటా మచ్చ ఏమిటో ఆమెకు చూడగానే తెలిసింది. బెలెమ్నైట్. సముద్రంలో ఈదిన మెత్తటి ప్రాణి ఒకటి, దాని ఒంట్లోని గట్టి భాగం కోట్ల ఏళ్లకు రాయైపోయింది. గుండ్రటి మచ్చ కూడా అదే, అడ్డంగా తెగింది. అచ్చం అలాంటిదే ఒకటి ఆమె రాళ్లు దాచుకునే పెట్టెలో ఉంది. తోటి టీచరు రాజస్థాన్‌లోని జైసల్మేర్ పోయి వస్తూ తెచ్చిచ్చిన పసుపు రాయి ముక్కలో.

ఈ బండలు నిజంగా ఇటలీవేనా అనుకుంది సునీత. కానీ అంతకన్నా ఆమెను గుచ్చుతున్నది వేరే సంగతి. నరేందర్ ఏ ఇంట్లో పనిచేసినా గవ్వ గుర్తున్న బండముక్క కనబడితే జేబులో వేసుకొస్తాడు. ఇక్కడ మోకాలు మోపిన చోటల్లా గుర్తులే. రెండు నెలలు పనిచేసి ఒక్క ముక్క కూడా ఇంటికి తేలేదు.

ఆ సాయంత్రం అన్నం వడ్డిస్తూ మామూలుగా అడిగింది. "అక్కోళ్లింట్ల ముక్కలేం మిగలలేదా?"

నరేందర్ కంచంలోంచి తల ఎత్తలేదు. "ఏం మిగలలే. అంత కొలతకు కోసినం."

 భాగ్యలక్ష్మి ఇంటి వెనక నీళ్ల డ్రమ్ము కింద అవే పసుపు ముక్కలు పది పన్నెండు పేర్చి ఉండటం సునీత ఆ రోజే కళ్లారా చూసింది. ఒకటి చేతిసంచిలో వేసుకుని తెచ్చుకుంది కూడా. అయినా వడ్డించి లోపలికి పోయింది. పెళ్లైన పదిహేనేళ్లలో అతను తనతో అబద్ధమాడాడని తెలియడం అదే మొదటిసారి.

మర్నాడు ఫోన్‌లోని శిలాజాల గ్రూపులో ఉండే రాజయ్య గారికి, ఇది జైసల్మేర్ రాయే గదా అంటూ ఫొటోలు పంపింది. ఆయన కాకినాడలో భూగర్భశాస్త్రం చెప్పి రిటైరైన లెక్చరర్. ఆయన ఫోన్ చేశారు.

"బెలెమ్నైట్ అన్నది నిజమేనమ్మా. కానీ ఆ ప్రాణులు అన్ని సముద్రాల్లోనూ ఉండేవి, ఇటలీ రాళ్లలోనూ దొరుకుతాయి. మచ్చను బట్టి దేశం పేరు చెప్పకండి. చుట్టూ ఉన్న రాయిని చూడండి."

సునీత తలుపు గడియ వేసి పెట్టెలోని ముక్కనూ, అక్క ఇంటి నుంచి తెచ్చినదాన్నీ తడిపి పక్కపక్కన పెట్టింది. భూతద్దంలో రెండింటిలోనూ ఆవగింజలకన్నా సన్నటి గుండ్రటి రేణువులు, వాటి మధ్య తుప్పురంగు చారలు, విరిగిన గవ్వల పొడి. ఏ ముక్క ఏదో తనకే తికమకైంది. అయినా రాజయ్య గారి మాట గుర్తుంచుకుని, ఇది అనుమానమే గాని రుజువు కాదని తనకు తాను చెప్పుకుంది. అలా చెప్పుకుంటున్నంతసేపూ నరేందర్ వంచిన తలే కళ్లలో మెదిలింది.

శనివారం ఒంటిపూట బడి కాగానే ఆరాంఘర్‌లో ఆటో మారి, నరేందర్ ఆ బండలు కొన్న కాటేదాన్ అడ్డాకు పోయింది. అడ్డా యజమాని ఆ ముక్కను చూసి తడుముకోకుండా "ఇటలీ సరుకు మేడం" అన్నాడు. ఎవరికో ఫోన్ చేస్తూ బయటికి పోయాడు. వెనక కోత మిషన్ దగ్గర బాలమల్లు అనే ముసలి పనివాడు ఆమెను కింది నుంచి మీదిదాకా చూశాడు.

"నువ్వు ఏ ఆఫీసు నుంచి వచ్చినవమ్మా?"

"ఆఫీసు కాదు బాపూ, బడి పంతులమ్మను." ఆమె భూతద్దం తీసి అతని చేతిలో పెట్టింది. తడి బండ మీద మచ్చ చూపించి అదేమిటో చెప్పింది. అతను చాలాసేపు కన్ను తీయలేదు.

"ముప్పై ఏండ్ల సంది కోస్తున్న. గివి ఒకప్పుడు పాణమున్నయని నాకెవ్వరు చెప్పలే." గొంతు తగ్గించాడు. "గిది రాజస్థాన్ లారీల దిగిన సరుకమ్మా. ఇటలీ చిట్టీ ఈడనే అతికిచ్చిన్రు. నా పేరు చెప్పకు. ఆ నడుమ ఒక మేస్త్రీ గుడ గిట్లనే వచ్చి కొట్లాడిండు. నరేందరంట."

"ఎప్పుడు?"

"సగం ఇల్లు పరిచినంకనట."

సునీత ఇంటికి వచ్చేసరికి నరేందర్ గచ్చు మీద కూర్చుని పనిముట్లు కడుగుతున్నాడు. ఆమె బండముక్కను అతని ముందు పెట్టింది.

"కాటేదాన్ పోయొచ్చిన."

అతను తాపీ పక్కన పెట్టి లోపలికి చూశాడు. "జర మెల్లగ. పిల్లలున్నరు."

"మిగలలేదంటివి గదా? నాతోని గుడ అబద్ధమా? ముందుగాల నుంచే ఎరుకనా నీకు?"

"ఒట్టు, కొన్ననాడు ఎరుకలేదు. హాలు పరిచేటప్పుడు నీళ్లు కొడితే మచ్చ తేలింది. నీ పెట్టెల సూసిందే. జైసల్మేర్‌దని నువ్వే గదా సూపిచ్చినవ్!" అతను బండముక్కను చేతిలోకి తీసుకున్నాడు. "పోయి కొట్లాడిన. నోరు తెరిస్తే ఏ అడ్డాల గుడ నాకు సరుకు దొరకనియ్యనన్నడు ఆ అడ్డా సేటు. పైగా నేను గుడ ఆనితోని కలిసే మోసం చేసిననని అక్కోళ్లు అనుకుంటరని భయమైంది. పరిచిన బండ పీకలేను. నీకు తెస్తే గుర్తుపడ్తవని ముక్కలు ఆడనే వదిలిన."

సునీతకు కోపం, ఊరట కలిసి వచ్చాయి. తను నేర్పిన చూపుతోనే అతను ఆ రాయిని గుర్తుపట్టాడు. అదే చూపుకు భయపడి దాచాడు. ఆమె చెప్పులు మళ్లీ తొడుక్కుంది. "లెవ్. అక్కకు మనమే చెప్దాం."

భాగ్యలక్ష్మి అంతా విన్నది.  ఆమె భర్త అరుణ్‌కుమార్ లేచి కిటికీ దగ్గరికి పోయాడు. చివరికి ఆమె నరేందర్‌ను వదిలి సునీత వైపు తిరిగింది.

"గీ ముచ్చట ఇంకెవరికి చెప్పినవ్?"

"ఎవరికీ చెప్పలే అక్కా."

"నీ ఫోన్‌ల గ్రూపు?"

"గ్రూపుల ఒకాయనకు రాయి ఫొటోనే పంపిన. ఇల్లు యాడిదో చెప్పలే."

భాగ్యలక్ష్మి నమ్మినట్టు కనబడలేదు. "మీ ఆయనకు నెల కింద ఎరుకైంది, నీకు వారం కింద. నేను వచ్చినోళ్లందరికీ ఇటలీ ఇటలీ అనుకుంట తిరుగుతున్న. మీరిద్దరు ఎట్ల నవ్వుకున్నరో ఇంట్ల కూసోని!"



అరుణ్‌కుమార్, నరేందర్ కలిసి అడ్డాకు పోయారు. యజమాని మొదట బుకాయించాడు, కేసు మాట ఎత్తగానే ధరలోని తేడా డబ్బు వాపసు చేశాడు. బాలమల్లు పేరు ఎవరూ బయటపెట్టలేదు. పై అంతస్తు పని మాత్రం భాగ్యలక్ష్మి వేరే మేస్త్రీకి ఇచ్చింది. అడ్డా యజమాని అన్నంత పనీ చేయడంతో నరేందర్ సరుకు కోసం ఊరికి అవతలివైపు తిరగాల్సి వచ్చింది.

మూడు నెలల తర్వాత ఒక మధ్యాహ్నం భాగ్యలక్ష్మి ఫోన్ చేసింది. మాటలో ఇంకా బిగువు పోలేదు.

"ఇంటికి వచ్చినామె గా మచ్చలేందని అడుగుతున్నది. ఏం చెప్పాలె?"

"బెలెమ్నైట్లక్కా. పదహారు కోట్ల ఏండ్ల కిందటి సముద్రంలోవి."

"నిజమేనా? ఇదన్న పక్కానా?"

"పక్కా."

 "నువ్వే వచ్చి చెప్పు. నేను చెప్తే ఇగ ఎవరు నమ్ముతరు?" అని భాగ్యలక్ష్మి ఫోన్ పెట్టేసింది. సునీత భూతద్దం బ్యాగులో వేసుకుని బయలుదేరింది.