ఊపిరి తొట్టి

పత్తి తీతకి వెళ్ళే ముందు సుబ్బరావమ్మకి ఇంట్లో చాలా పని ఉండేది. వాకిలి చిమ్మాలి, గేదెకి కుడితి పెట్టాలి, అన్నం వార్చి క్యారేజీ సర్దుకోవాలి. అవన్నీ అయ్యాక నీళ్ళ తొట్టి చూసుకోవాలి. తూర్పు కిటికీ పక్కన బల్ల మీద ఉండేది ఆ అద్దాల తొట్టి. పండిపోయిన ఆకుల్ని కత్తెరతో తుంచి తీసేది. అద్దానికి పట్టిన పాకుడు పాత గుడ్డతో రుద్దేది. తగ్గినంత మేరకు, ముందురోజు బిందెలో పట్టి ఉంచిన కాలవ నీళ్ళు చెంబుతో అంచు మీద నుంచి జారవిడిచేది, అడుగున ఇసుక కదలకుండా. చేపలకి చిటికెడు నూక వేసి మొగుడి వైపు తిరిగేది.

"ఎండొచ్చాక పెట్టుకో మొహం. తొందరపడకు."

అంకమ్మరావు తలూపేవాడు. మాటలకి ఊపిరి ఖర్చు చేసేవాడు కాదు.

అతను మార్టూరు దగ్గర ఒక రాతి యూనిట్లో పలకల అంచులు కోసే మిషను మీద పెళ్ళికి ముందు నుంచీ పనిచేశాడు. మిషనుకి ఇటుపక్క అతను, అటుపక్క బుల్లయ్య. మూతికి కట్టుకున్న తువ్వాళ్ళు సాయంత్రానికి బూడిద రంగుకి తిరిగేవి. ఇంటికొచ్చి తలంటుకుంటే మొదటి చెంబు నీళ్ళు సున్నం కలిపినట్టు దిగేవి. దగ్గు మొదలైనప్పుడు చలికాలం దగ్గనుకున్నారు. ఎండాకాలం వచ్చినా పోలేదు. మెట్టు ఎక్కితే ఆయాసం, వంగితే ఆయాసం. చివరికి గుంటూరు తీసుకెళ్తే, డాక్టరు వీపు మీద గొట్టం పెట్టి చాలాసేపు విన్నాడు.

"లోపల రాయి పొడి పేరుకుందమ్మా. తగ్గే జబ్బు కాదు. ఇక దుమ్ములోకి పంపకండి. ఉన్న ఊపిరిని జాగ్రత్తగా వాడుకోమనండి" అన్నాడు.

వెయిటింగు హాల్లో ఒక చేపల తొట్టి ఉంది. ప్లాస్టిక్ మొక్కలు, బుడగలు వదిలే మోటారు. డాక్టరు పిలిచేదాకా అంకమ్మరావు దాని ముందే కూర్చున్నాడు, బయటికొచ్చాక మళ్ళీ వెళ్ళి అక్కడే కూర్చున్నాడు.

"మనింట్లో కూడా ఇలాంటిదొకటి పెడదామే" అన్నాడు.

కాపురానికొచ్చిన దగ్గర్నుంచీ మొగుడు తనకోసమని ఏదైనా అడగడం సుబ్బరావమ్మ ఎరగదు. వెతుక్కుంటూ వెళితే బస్టాండు వెనక సందులో జాన్ బాషా అనే ఆయన చేపల దుకాణం దొరికింది. ఆయన ముందు మోటారు చూపించాడు.

"మా ఊళ్ళో కరెంటు ఎప్పుడుంటుందో, ఎప్పుడు పోతుందో తెలీదు బాషాగారూ. మోటారు లేకుండా బతకవా?"

"బతుకుతాయమ్మా. మోటారు చేసే పని మొక్కలు చెయ్యాలి, అంతే. అడుగున మట్టి, పైన కడిగిన ఇసుక. మొక్కలు దండిగా నాటండి. నీళ్ళు పోసేటప్పుడు లోపల పళ్ళెం పెట్టి దాని మీద పొయ్యండి, లేకపోతే అంతా బురదైపోతుంది. నీళ్ళు తేటపడ్డాకే చేపలు. ఒక్క మాట, మందు కొట్టిన చేలో మట్టి మాత్రం వెయ్యకండి."

అద్దాల తొట్టిని బొంతలో చుట్టి, బస్సులో ఇద్దరి ఒళ్ళోనూ పెట్టుకుని తెచ్చారు. అన్నిటికంటే మట్టే కష్టమైంది. చుట్టూ కనుచూపు మేర నల్లరేగడి. కాని పత్తికి, మిరపకి మందు కొట్టని నేల చెక్క ఎక్కడుంది? సుబ్బరావమ్మ సొంత చేలోనే పిడికెడు మంచి మట్టి లేదు. పక్కింటి రెబ్కా దారి చెప్పింది.

"మా చర్చి వెనకాల తవ్వుకో అక్కా. అక్కడ కొట్టేది ప్రార్థన గంట ఒక్కటే."

ఆ మట్టిని ఎండబెట్టి, జల్లించి, వేళ్ళూ చెత్తా ఏరి అడుగున పరిచింది. పైన ఇసుక కప్పింది. సాగర్ కాలవలోంచి పొడుగాకుల నాచు, తీగలా సాగే నాచు తెచ్చి గుచ్చింది. నీళ్ళు మొదట టీ రంగుకి తిరిగాయి, ఆ తర్వాత కుళ్ళు కంపు కొట్టాయి. సగం తోడి పారబోసి మళ్ళీ నింపింది. అప్పుడవి ఆకుపచ్చ రంగుకి తిరిగి లోపల చెయ్యి పెడితే కనపడకుండా పోయింది. కిటికీకి గోనెపట్టా కట్టి సగం ఎండ ఆపింది. మొక్కలు ఒకసారి చచ్చినట్టు పడిపోయి, మళ్ళీ మొదళ్ళ నుంచి చిగిర్చాయి. ఒక పొద్దున చూస్తే నీళ్ళు గాజులా ఉన్నాయి. ఎవరూ తేకపోయినా నత్తగుల్లలు వచ్చి అద్దం మీద పాకుతున్నాయి. అప్పుడు కాలవలోంచి చిన్న పరిగె చేపలు నాలుగు తెచ్చి వదిలింది.

వినాయక చవితి వెళ్ళాక, మబ్బు విడిచిన ఒకరోజు కిటికీలోంచి ఎండ తిన్నగా తొట్టిలో పడింది. ఆకుల అంచుల నుంచి సన్నటి బుడగలు దారాల్లా పైకి లేచాయి. వాటిని దగ్గరగా చూద్దామని అంకమ్మరావు మొహం నీళ్ళలో ముంచాడు. ముంచినవాడు ఎంతకీ ఎత్తలేదు.

సుబ్బరావమ్మ కేకపెట్టి జుట్టు పట్టుకుని లాగబోయింది. అతను చెయ్యెత్తి ఉండమన్నట్టు ఊపాడు. భుజాలు నెమ్మదిగా లేస్తున్నాయి, పడుతున్నాయి. నెలల తరబడి అతని ఛాతీలోంచి ఆమె వింటున్న పిల్లికూత ఆగిపోయింది. పొయ్యి మీద పప్పు మాడుతుంటే ఆమె వెళ్ళి దించి వచ్చింది. ఇంకా నీళ్ళలోనే ఉన్నాడు. కిటికీలోంచి ఎండ తప్పుకున్నాక మొహం ఎత్తి, తువ్వాలుతో తుడుచుకుని, "ఆకలేస్తోంది" అన్నాడు.

ఆ రోజు రెండోసారి అన్నం పెట్టించుకున్నాడు.

ఊరికి ఇది అలవాటు కావడానికి ఎంతోకాలం పట్టలేదు. రెబ్కా గుమ్మంలో నిలబడి, "అన్న నీళ్ళలో ఉన్నాడా? పైకొచ్చాక కరెంటాయన వచ్చి వెళ్ళాడని చెప్పక్కా" అనేది. పోస్టుమాను సంతకం కావాలంటే అరుగు మీద కూర్చుని బీడీ వెలిగించబోయి, లోపలి మనిషి గుర్తొచ్చి ఆపేసేవాడు. ఎండలో పట్టిన ఊపిరి అంకమ్మరావుకి పడుకునేదాకా వచ్చేది. తెల్లారేసరికి మాత్రం చేపలు నోళ్ళు తెరిచి నీటి పైకి తేలేవి, అతనూ మంచం మీద లేచి కూర్చునేవాడు. ఎండ వస్తే ఇద్దరి బాధా తీరేది.

పత్తి తీతలు మొదలయ్యాక ఒక ఆదివారం బుల్లయ్య వచ్చాడు. ఉన్నది పక్క వీధిలోనే అయినా, దారిలో ప్రతి అరుగు మీదా ఆగి వచ్చాడు. అతనూ పని మానేసి చాలాకాలమైంది. తొట్టి వైపు చూస్తూ, ముక్కలు ముక్కలుగా అడిగాడు.

"చెల్లెమ్మా... నేను కూడా... ఒక్కసారి..."

సుబ్బరావమ్మ కొంగుతో చేతులు తుడుచుకుంది. "ఏమనుకోకు అన్నయ్యా. ఇందులో ఉన్న నాలుగు మొక్కలు ఈయనకే చాలీచాలక ఉన్నాయి."

"నిజమేలే" అన్నాడు బుల్లయ్య. మంచినీళ్ళు తాగి వెళ్ళిపోయాడు. ఆ పూట సుబ్బరావమ్మ కంచంలో అన్నం గేదె కుడితిలో కలిసింది. అయినా తను అన్నదాంట్లో తప్పేం కనపడలేదు.

కొన్నాళ్ళకి తొట్టి వాటం మారింది. సాయంత్రం చేను నుంచి వచ్చేసరికే చేపలు పైకి తేలి నోళ్ళు తెరుస్తున్నాయి. అంకమ్మరావుకి పిల్లికూత మళ్ళీ మొదలైంది. ఎక్కడైనా ఆకు కుళ్ళిందేమోనని ఆమె మొక్కలన్నీ వెతికింది. అన్నీ పచ్చగానే ఉన్నాయి.

"ఏమయ్యా, నిజం చెప్పు. ఏం జరుగుతోంది?"

"రోజూ మధ్యాహ్నం పూట బుల్లయ్య వస్తున్నాడు."

"నీకు చాలుతోందా మరి?"

"చాలట్లేదు."

"చాలకపోతే ఎందుకిస్తున్నావు?"

"వాడికీ చాలట్లేదు సుబ్బులూ."

ఆమె చెప్పులేసుకుని బుల్లయ్య ఇంటికి బయల్దేరింది. అనాల్సిన మాటలన్నీ దారిలో వరస పెట్టుకుంది. నా మొగుడి ఊపిరి నువ్వు పీల్చుకుంటావా, నీకేమైనా న్యాయంగా ఉందా, ఇంకోసారి మా గడప తొక్కితే... వెళ్ళేసరికి బుల్లయ్య నులకమంచం మీద వీపుకి దిండ్లు పెట్టుకుని కూర్చుని, విచ్చుకోని పత్తికాయలు ఒలుస్తున్నాడు. ఒక కాయ ఒలవడం, కళ్ళు మూసుకుని ఊపిరి కోసం ఆగడం, మళ్ళీ ఇంకో కాయ. తనతో ఉంటున్న అక్కకి భారం కాకూడదని పెట్టుకున్న పని అది. సుబ్బరావమ్మని చూసి లేవబోయి, లేవలేక, కాయ పట్టుకున్న చెయ్యే దణ్ణంలా ఎత్తాడు.

ఆమె నడవా దాటి ఇంటి వెనక వైపు చూసింది. పెరడు ఖాళీగా ఉంది, చెట్టూ చేమా లేదు.

"మీ పెరట్లో ఎండ ఎందాకా ఉంటుంది అన్నయ్యా?" అని అడిగింది.

ఆ పెరట్లో ఇంకో తొట్టి కట్టడానికి, రాతి యూనిట్లో పగుళ్ళు వచ్చి పక్కన పడేసిన పలకలు చాలా ఉన్నాయి. పనివాళ్ళు వాటిని ట్రాక్టరు మీద తెచ్చి దించారు. యజమాని చూసీ చూడనట్టు ఊరుకున్నాడు. నాలుగు వైపులా నల్లరాయి, అడుగునా నల్లరాయి, పైన ఆకాశం. రాళ్ళని అతికించే జిగురు వాసన పోయేదాకా ఆ తొట్టిని నింపుతూ వొంపుతూ ఉన్నారు. రెబ్కా చర్చి మట్టి తనే బుట్టతో మోసింది. సుబ్బరావమ్మ తన తొట్టిలోని పొడుగాకుల నాచు పిలకలు విరిచి, వేళ్ళు ఇసుకలోకి, మొవ్వు బయటికి ఉండేలా ఒక్కోటీ గుచ్చింది. నీళ్ళు టీ రంగుకి తిరిగితే బుల్లయ్య అక్క బెంబేలెత్తింది.

"అంతే వదినా. మొదట పాడవుతుంది, తర్వాతే బాగుపడుతుంది" అంది సుబ్బరావమ్మ.

అది కుదురుకునేదాకా అద్దాల తొట్టినే పంచుకున్నారు. పొద్దున అంకమ్మరావు, మధ్యాహ్నం బుల్లయ్య. ఎవరికీ కడుపునిండా ఊపిరి అందలేదు, ఎవరికీ ఆగిపోనూ లేదు. సంక్రాంతి దాటాక రాతి తొట్టి తేటపడింది. బుల్లయ్య పెరట్లో బోర్లా వంగి అందులో మొహం పెట్టాడు. అద్దాల తొట్టి మళ్ళీ అంకమ్మరావుకి పూర్తిగా దక్కింది.

మాఘమాసంలో డాక్టరు దగ్గరికి ఇద్దర్నీ సుబ్బరావమ్మే తీసుకెళ్ళింది. డాక్టరు ఇద్దరికీ ఎక్స్‌రే తీయించి, అంకమ్మరావు ఫిల్ము వెలుతురుకి పట్టాడు.

"అడుగున తెల్లగా ఉందే, ఇది పాత రాయి పొడి. ఇది ఎక్కడికీ పోదు. ఇప్పుడు ఇక్కడ చూడమ్మా."

తెల్లటి పొడిలోకి సన్నటి దారాలు దిగి ఉన్నాయి. వాటి మీద నుంచి పొడుగాటి ఆకులు, అన్నీ ఒకే వైపు ఒరిగి, ఊపిరితిత్తి పైదాకా లేచి ఉన్నాయి.

"నాచు వేళ్ళు దిగాయి. రాయి మట్టయింది" అన్నాడు డాక్టరు.

"ప్రమాదమేమైనా ఉందా డాక్టరుగారూ?"

"ఏమీ లేదు. పెరగనివ్వండి. రోజూ ఛాతీకి, వీపుకి ఎండ తగలాలి. బీడీ ముట్టుకోకూడదు. మళ్ళీ మిషను దగ్గరికి వెళ్ళాడో, కొత్త పొడి పడి ఆకులు చస్తాయి. ఇక తొట్టిలో తల ముంచక్కర్లేదు. చేపల్ని ఉండనివ్వండి."

తర్వాత డాక్టరు బుల్లయ్య ఫిల్ము కూడా వెలుతురుకి పట్టాడు. అంతా తెలుపే. ఒక్క మూల మాత్రం ఆవగింజంత నలుసు ఉంది.

"ఇది మొలకో, మచ్చో ఇప్పుడే చెప్పలేను. వీలైనంత ఎండ పడనివ్వండి" అన్నాడు.

ఆ నలుసు ఆకు వెయ్యడానికి మిరప కోతల దాకా పట్టింది. ఆ తర్వాత బుల్లయ్య కళ్ళాల్లో చొక్కా లేకుండా తిరుగుతూ గొడ్లని అదిలిస్తుంటే, ఆ కేక రోడ్డు మీదికి వినపడేది. కాని ఆ మధ్యాహ్నం గుంటూరు బస్టాండులో ఆ సంగతి ఎవరికీ తెలియదు.

మార్టూరు మీదుగా పోయే బస్సు ఎక్కితే, జనమంతా నీడ వైపు సర్దుకుని ఉన్నారు. సుబ్బరావమ్మ డ్రైవరు వెనక, ఎండ వైపు సీటు దగ్గర ఆగింది.

"అటు ఎండ కొడుతుందమ్మా, ఇటు రండి, చోటుంది" అన్నాడు కండక్టరు.

"మాకు ఎండే కావాలి బాబూ."

అంకమ్మరావు అలవాటుగా కిటికీ పక్కకి జరగబోయాడు. ఆమె అతని చొక్కా పట్టుకుని ఆపింది.

"నువ్వు ఇవతలికి రా. అన్నయ్యా, నువ్వు కిటికీ దగ్గర కూర్చో. ఆ చొక్కా గుండీలు విప్పుకో."

బుల్లయ్య సిగ్గుపడుతూ అటు జరిగి ఒక్కో గుండీ విప్పుకున్నాడు. ఎండ వచ్చి ఎముకలు తేలిన అతని ఛాతీ మీద పడింది.

"మరి నాకో?" అన్నాడు అంకమ్మరావు.

"నీకు వేళ్ళు దిగాయిగా" అంది సుబ్బరావమ్మ. ముందుకి వంగి, సగం దించి ఉన్న కిటికీ షట్టరు పూర్తిగా పైకెత్తింది.